పిలుపు చేరింది, బాధ్యత చేరలేదు

గత వానాకాలంలో ఒక రాత్రి శ్రీకాకుళం జిల్లాలోని మా మేనమామగారి ఊళ్లో ఈదురుగాలికి కరెంటు తీగ తెగి దారికి అడ్డంగా పడింది. తెల్లవారితే పాలకేంద్రానికి వెళ్లేవాళ్లు, పొలాలకు వెళ్లేవాళ్లు నడిచే దారి అది. ఆయన వెంటనే విద్యుత్ ఫిర్యాదుల నంబరుకు ఫోను చేశారు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"మీ సర్వీసు నంబరు చెప్పండి సర్."

"నా ఇంటి సంగతి కాదమ్మా. తీగ తెగి రోడ్డు మీద పడింది. అందులో కరెంటు ఉందో లేదో తెలియదు."

"ఏదో ఒక సర్వీసు నంబరు లేకపోతే ఫిర్యాదు నమోదు కాదు సర్."

చేసేది లేక ఆయన తన బిల్లు వెతికి అందులోని నంబరే చదివారు. "మీ ఇంట్లో సరఫరా ఉందా సర్?" అని ఆ అమ్మాయి అడిగింది. ఉందన్నారు. ఊరు పేరు రెండుసార్లు, మండలం పేరు మూడుసార్లు చెప్పించుకుంది. మాట మధ్యమధ్యలో తెగిపోతూనే ఉంది. అరగంట తర్వాత ఆయన ఫోనుకు సందేశం వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది. ఆయన ఇంట్లో కరెంటు ఉంది కాబట్టి కంప్యూటరు లెక్కలో అక్కడ సమస్యే లేదు. చివరికి పక్కింటి కుర్రవాడు లైన్‌మన్ సొంత నంబరు సంపాదించి ఫోను చేశాడు. ఆయన నిద్రలోంచి లేచి సబ్‌స్టేషన్‌కు ఒక మాట చెప్పగానే ఆ ఫీడరు ఆగిపోయింది. తెల్లారేదాకా ఇద్దరు మనుషులు కర్రలు పట్టుకుని దారికి అటూ ఇటూ కాపలా కూర్చున్నారు.

ఈ కథలో ఆ అమ్మాయిని తప్పుపట్టడం అన్యాయం. ఏ నగరంలో, ఏ గదిలో కూర్చుని ఆమె మాట్లాడిందో మనకు తెలియదు. ఆమె ముందున్న తెర అడిగినదే ఆమె అడిగింది. ఆ తెర దాటి సబ్‌స్టేషన్‌కు ఫోను చేసే వీలు గానీ, ఫీడరు ఆపమని చెప్పే అధికారం గానీ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఆలోచించవలసింది మనమూ, మన ప్రభుత్వాలూ. ఒక ఫోను పిలుపును నెట్‌వర్కుల మీదుగా వందల కిలోమీటర్ల దూరానికి మళ్లించడం ఇవాళ చాలా తేలిక. ఆ పిలుపుతోపాటు ఏమేమి ప్రయాణిస్తున్నాయి, ఏమేమి వెనకే ఉండిపోతున్నాయి అన్నది మాత్రం ఎవరూ లెక్క చూడటం లేదు.

కొంత చరిత్ర గుర్తు చేసుకోవాలి. మన దేశంలో కాల్ సెంటర్లు చాలాకాలం కఠినమైన నిబంధనల మధ్య నడిచాయి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నీడలో, 1999 నూతన టెలికాం విధానం ప్రకారం 'ఇతర సేవా ప్రదాతలు' అనే పేరుతో అవి టెలికాం శాఖ వద్ద నమోదు కావలసి వచ్చేది. సాధారణ టెలిఫోను లైన్ల మీద వచ్చిన పిలుపును సంస్థ తన సొంత డేటా లైన్లలోకి ఎక్కించి మరో నగరంలో దించడం మీద ఆంక్షలు ఉండేవి. దూరపు పిలుపుల రుసుము ఎగవేతకు అది దారి అవుతుందని ప్రభుత్వ భయం. భద్రతా కారణాలు దానికి తోడు. ఉద్యోగి ఇంటి నుంచి పని చేయాలంటే సంస్థ కోటి రూపాయల పూచీ డిపాజిట్ కట్టాలనే షరతు కూడా ఉండేది.

కరోనా ఈ గోడను పగలగొట్టింది. 2020 మార్చి 13న టెలికాం శాఖ ఇంటి నుంచి పనికి తాత్కాలిక సడలింపులు ఇచ్చి, పూచీ డిపాజిట్‌ను మినహాయించింది. ఆ గడువులు పెరుగుతూ పోయాయి. 2020 నవంబరు 5న కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. 2021 జూన్ 23న మరింత ఉదారమైనవి వచ్చాయి. దేశీయ, అంతర్జాతీయ కేంద్రాల మధ్య తేడా పోయింది. ఎక్స్ఛేంజీ ఎక్కడ ఉన్నా సరే, దూరంగా ఉన్న ఉద్యోగి మామూలు బ్రాడ్‌బ్యాండ్‌తో నేరుగా దానికి అనుసంధానం కావచ్చు. వేర్వేరు సంస్థల కేంద్రాల మధ్య కూడా డేటా బంధం ఏర్పరచుకోవచ్చు.

ఈ సంస్కరణ అవసరమైనదే. పాత నిబంధనలు కాలం చెల్లినవి. వాటిని సమర్థించడం నా ఉద్దేశం కాదు. అయితే చట్టం తొలగించింది దూరం మీద ఉన్న ఆంక్షను మాత్రమే. దూరమే తొలగిపోయిందని మన పాలకులు, వారికి సేవలు అమ్మే సంస్థలు భ్రమపడ్డారు. ఆ భ్రమ ఖరీదు మా మేనమామగారి ఊరి దారి మీద పడి ఉన్న తీగ.

మొదటి పరిమితి నెట్‌వర్కుదే. ఇంటర్నెట్ మీద మాట చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. నోటి నుంచి వెలువడిన మాట అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీ సెకన్లకు మించకపోతే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు చెబుతుంది. అంతకు మించిన కొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. పల్లెలోని మొబైల్ టవర్ నుంచి టెలికాం సంస్థ ఎక్స్ఛేంజీకి, అక్కడి నుంచి కాల్ సెంటర్ ఎక్స్ఛేంజీకి, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీదుగా మరో ఊళ్లోని ఉద్యోగి ఇంటికి, ఆ ఇంట్లోని వైఫైకి ఇలా ప్రతి మజిలీలోనూ కొంత ఆలస్యం చేరుతుంది. ఎక్కువ పిలుపులు పట్టించడానికి ధ్వనిని కుదించే పద్ధతులు మరికొంత స్పష్టతను తినేస్తాయి. నగరంలో పుట్టిన చెవికి పల్లె ఉచ్చారణ అర్థం కావడమే కష్టం. అందులో సగం అక్షరాలు దారిలో జారిపోతే ఊరి పేరు ఎలా తెలుస్తుంది?

ఇంతకన్నా తీవ్రమైన లోపం కంటికి కనబడదు. ఒకే గదిలో, ఒకే ఎక్స్ఛేంజీ కింద పనిచేసే కేంద్రంలో ఏ ఉద్యోగి ఖాళీగా ఉన్నారో, ఎవరు మాట్లాడుతున్నారో యంత్రానికి తెలుసు. పిలుపు ఒక వ్యవస్థ దాటి మరో వ్యవస్థలోకి వెళ్లినప్పుడు ఆ ఎరుక చాలాసార్లు తెగిపోతుంది. అవతల ఉద్యోగి ఇంట్లో కరెంటు పోయినా ఇవతలి యంత్రం ఆమె సిద్ధంగానే ఉందనుకుని పిలుపును పంపుతూనే ఉండవచ్చు. రెండు వ్యవస్థలను ముందే శ్రద్ధగా కలిపి ఉంచకపోతే పిలుపు వెళుతుంది గానీ దాని చరిత్ర వెళ్లదు. ఫోను చేసిన మనిషి ఎవరు, ఏ అంకె నొక్కి ఇక్కడికి వచ్చాడు, మొదటి ఉద్యోగికి ఏం చెప్పాడు, ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నాడు అన్నవి పాత వ్యవస్థలోనే ఉండిపోతాయి. అందుకే మనం ప్రతి కొత్త గొంతుకూ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది.

దీని రాజకీయ ఫలితం గమనించండి. మొదటి కేంద్రం లెక్కలో మీ పిలుపు రెండు నిమిషాల్లో ఎత్తిన పిలుపు. అది 'విజయవంతంగా బదిలీ' అయింది. రెండో కేంద్రం గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీరు అరగంట నిరీక్షించి ఉండవచ్చు. ఏ నివేదికలోనూ ఆ అరగంట కనబడదు. ముఖ్యమంత్రి ముందు తెర మీద వెలిగే ఆకుపచ్చ గడుల్లో అబద్ధం ఒక్కటీ ఉండదు. అయినా మొత్తం చిత్రం అబద్ధమవుతుంది.

రెండో పరిమితి స్థలానిది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినా టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సేవా ప్రాంతంగా కొనసాగుతూ వచ్చాయి. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. రేడియో తరంగానికి రాష్ట్ర సరిహద్దు తెలియదు. ఎటపాక వైపు నిలబడిన మనిషి ఫోను భద్రాచలం టవర్‌ను పట్టుకోవచ్చు. టవర్‌ను బట్టి పిలుపును మళ్లించే సహాయ నంబరు ఏదైనా అతన్ని పొరుగు రాష్ట్రపు కేంద్రానికి చేర్చే అవకాశం ఉంటుంది. అక్కడి ఉద్యోగి తెర మీద ఆ ఊరే ఉండకపోవచ్చు. అసోం, మేఘాలయ సరిహద్దులోనైనా, ఢిల్లీ చుట్టూ ఉన్న పట్టణాల్లోనైనా సమస్య స్వరూపం ఇదే.

అలాగని దూరంగా కూర్చుని పలకడమే దోషమంటే మన అనుభవమే దానిని ఖండిస్తుంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైంది. రాష్ట్రంలో ఏ మూల నుంచి చేసిన పిలుపైనా హైదరాబాద్ కేంద్రానికే చేరేది. అయినా అది ప్రజల నమ్మకం చూరగొంది, ఇతర రాష్ట్రాలకు నమూనా అయింది. కారణం సాంకేతిక పరిజ్ఞానం ఒక్కటే కాదు. ఆ ఫోను ఎత్తిన వ్యవస్థకు దగ్గరలోని వాహనాన్ని బయలుదేరదీసే అధికారం ఉంది. ఆ వాహనం, అందులోని సిబ్బంది ప్రజలకు దగ్గరలోనే ఉన్నారు. మాట దూరం వెళ్లింది, చర్య దగ్గర నుంచి వచ్చింది. ఆ రెండింటినీ కలిపే దారం తెగకుండా ఉన్నంతకాలం దూరం అడ్డు కాలేదు.

కిసాన్ కాల్ సెంటర్లు మరో పాఠం చెబుతాయి. 2004 జనవరి 21న మొదలైన ఈ సేవ 22 భాషల్లో రైతులకు జవాబిస్తుంది. ఫోను ఎత్తేది వ్యవసాయ విద్య చదివినవారు. వారికి అంతుబట్టని ప్రశ్నను పై అంచెలోని నిపుణులకు అందించే ఏర్పాటు ఉంది. భాషకూ జ్ఞానానికీ ఇచ్చిన ఈ గౌరవం మెచ్చుకోదగినది. అయినా దానికీ ఒక హద్దు ఉంది. మిరప ఆకు ముడత గురించి సలహా ఫోనులో వస్తుంది. కల్తీ విత్తనం అమ్మిన దుకాణం మీద చర్య ఫోనులో రాదు. దానికి ఊళ్లో వ్యవసాయాధికారి కావాలి. సలహాల కేంద్రం ఉందన్న ధీమాతో ఆ అధికారి పోస్టును ఖాళీగా ఉంచితే రైతుకు మిగిలేది ఫోను ఒక్కటే.

మూడో పరిమితి కేంద్రీకరణది. 2014 ఏప్రిల్‌లో అమెరికాలో అత్యవసర పిలుపులను మళ్లించే ఒక కేంద్రం ఆగిపోయింది. కొలరాడోలో ఉన్న ఆ కేంద్రం సాఫ్ట్‌వేర్‌లో పిలుపులకు వరుస సంఖ్యలు కేటాయించే లెక్కింపునకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టి ఉంచారు. ఆ సంఖ్య నిండగానే పిలుపులు ముందుకు కదలడం మానేశాయి. ఏడు రాష్ట్రాల్లో 81 అత్యవసర స్పందన కేంద్రాలు దెబ్బతిన్నాయి. కోటీ పది లక్షలకు పైగా జనం ఆ రాత్రి ఆ ప్రమాదపు నీడలో ఉన్నారు. 6,600కు పైగా పిలుపులు చేరవలసిన చోటికి చేరలేదు. తుపాను లేదు, భూకంపం లేదు, ఎక్కడా తీగ తెగలేదు. ఫ్లోరిడా మనిషి పిలుపు, వాషింగ్టన్ రాష్ట్రపు మనిషి పిలుపు ఒకే తలుపు గుండా వెళ్లడమే కారణం. హుద్‌హుద్ తుపానులో విశాఖపట్నం ఫోన్లు మూగబోయిన రోజులు చూసిన మనకు, అన్ని పిలుపులకూ ఒకే తలుపు పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మూడింటి వెనుకా ఉన్నది రాజకీయ నిర్ణయమే. తొంభైల చివర చంద్రబాబు నాయుడు 'డయల్ యువర్ సీఎం' నిర్వహించినప్పుడు దాన్ని ప్రచార కార్యక్రమమని విమర్శించినవారు చాలామంది. ఆ విమర్శలో నిజముంది. కానీ ఆ ఫోనుకు అవతల అధికారం ఉన్న మనిషే ఉన్నాడు. తర్వాతి కాలంలో మనిషి స్థానంలో నంబర్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం 2017లో 1100 నంబరుతో 'పరిష్కార వేదిక' పెట్టింది. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం 2023 మేలో 1902 నంబరుతో 'జగనన్నకు చెబుదాం' ప్రారంభించింది. పేరులో నాయకుడు ఉన్నాడు, లైనులో మాత్రం ఉద్యోగి ఉన్నాడు. ఇంత సాంకేతికత వచ్చాక కూడా 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారగానే హైదరాబాద్‌లోని ప్రజా భవన్ ముందు జనం అర్జీలతో బారులు తీరారు. చేతిలో ఫోను ఉన్న మనుషులు చార్జీలు పెట్టుకుని రాజధానికి ఎందుకు వచ్చారు? కాగితం ఒక అధికారి చేతిలో పెట్టి ఆయన ముఖం చూస్తే తప్ప పని జరుగుతుందనే నమ్మకం లేకనే.

ప్రభుత్వాలకు ఈ ఏర్పాటులో ఒక సౌకర్యం ఉంది. పలికేవారికి అధికారం ఉండదు, అధికారం ఉన్నవారికి పలికే అవసరం ఉండదు. టెండరులో తక్కువ ధర చెప్పిన సంస్థకు పని అప్పగిస్తారు. ఎన్ని పిలుపులు ఎత్తారు, ఒక్కొక్క దానికి ఎంత తక్కువ సమయం తీసుకున్నారు అన్నదే కొలమానమైతే ఆ ఉద్యోగి మీ ఊరి పేరు ఓపికగా వినలేదు. విన్నకొద్దీ ఆమె మార్కులు తగ్గుతాయి. నిబంధనలు రాసినవారి దృష్టి కూడా గమనించదగినది. ఎవరు ఎవరికి ఫోను చేశారన్న వివరాలు భద్రపరచాలని ప్రభుత్వం కాల్ సెంటర్లను ఆదేశించింది. అది రాజ్య భద్రత కోసం. ఫిర్యాదు చేసిన పౌరుడు తన ఫిర్యాదు ఎక్కడ ఆగిందో తెలుసుకునే హక్కు మాత్రం ఆ నిబంధనల్లో కనబడదు.

దూరపు పని చిన్న ఊళ్లకు ఉద్యోగాలు తెచ్చిందన్న వాదనను నేను తేలికగా తీసుకోను. మహానగరాలకు వెలుపల 48,300 సీట్ల లక్ష్యంతో కేంద్రం బీపీవో ప్రోత్సాహక పథకం పెట్టింది. సీటుకు లక్ష రూపాయల దాకా సాయం ఇస్తామంది. ఇల్లు వదిలి నగరానికి వెళ్లలేని ఆడపిల్లలకు, కదలలేని వికలాంగులకు హెడ్‌ఫోను ఒక జీవనాధారం. అందుకే వారి తరఫున కూడా అడగాలి. ఇంట్లో కరెంటు పోయిన నిమిషాలకు, బ్రాడ్‌బ్యాండ్ తెగిన నిమిషాలకు జీతం కోసే సంస్థ నెట్‌వర్కు బలహీనతను తన లెక్కలోంచి తీసి ఉద్యోగి నెత్తిన పెడుతోంది. అటు ఫిర్యాదుదారు, ఇటు ఉద్యోగి, ఇద్దరూ ఒకే లోపానికి రెండు చివర్ల బాధితులు.

చేయవలసినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. పౌరుడి నిరీక్షణను మొదటి గంట మోగిన క్షణం నుంచి నిర్ణయం తీసుకోగల మనిషి పలికే దాకా, ఎన్ని బదిలీలు జరిగినా ఒకే గడియారంతో కొలవాలి. ఆ లెక్కను ప్రతి నెలా ప్రకటించాలి. పిలుపుతోపాటు దాని వివరమూ వెళ్లాలి. వెళ్లే ఏర్పాటు లేని చోట బదిలీ చేయకూడదు. ప్రాణాపాయం ఉన్న ఫిర్యాదుకు సర్వీసు నంబరు అడగకూడదు. ఊరి పేరు, గుర్తు చాలాలి. ఉద్యోగి తెర మీద సంబంధిత సబ్‌స్టేషన్, ఆసుపత్రి, ఠాణా నంబర్లు ఉండాలి. ఆమె చెప్పిన మాటను అక్కడివారు పాటించి తీరాలని ఉత్తర్వు ఉండాలి. ఫిర్యాదును మూసివేసే అధికారం ఫిర్యాదు చేసినవారికే ఉండాలి. ప్రధాన కేంద్రం కూలిపోతే పిలుపులు అందుకునేందుకు మరో నగరంలో, మరో నెట్‌వర్కు మీద రెండో కేంద్రం సిద్ధంగా ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యం, కాల్ సెంటర్ వచ్చిందన్న సాకుతో స్థానిక కార్యాలయాల ఫోన్లు తీసివేయకూడదు. వచ్చే టెండరులో ఈ షరతులు రాయడానికి కొత్త చట్టం అక్కరలేదు. పాలకులు తలచుకుంటే ఒక ఉత్తర్వు చాలు.

మొన్న మా మేనమామగారిని అడిగాను, మళ్లీ తీగ తెగితే ఎవరికి ఫోను చేస్తారని. ఆయన లేచి వెళ్లి గోడ మీది క్యాలెండరు చూపించారు. అంచున లైన్‌మన్ నంబరు పెన్నుతో రాసి ఉంది. ఆ లైన్‌మన్ వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తారట. ఆ స్థానంలో ఎవరిని వేస్తారో ఇంకా ఎవరికీ తెలియదు.